మడతచాకుల పుట్టుపూర్వోత్తరములు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు గ్రామచరిత్రను గూర్చి యేదేని వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. రాజుల చరిత్ర వ్రాయుటకు పండితులు కలరు. జమీందారుల చరిత్ర చెప్పుటకు వారి వంశీయులు కలరు. నేను సహకార సంఘమున లెక్కలు వ్రాసికొనువాడను. కావున లెక్కలు వ్రాసినవారి చేతిలో నుండిన మిక్కిలి చిన్న పనిముట్టును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను. అది చాకు.

ఖడ్గము గెలిచిన భూమిని కలము లెక్కకట్టినది; ఆ కలమును చెక్కినది చాకు. ఖడ్గములకు ప్రదర్శనశాలలలో అద్దపు బీరువాలు దొరకినవి. చాకులు మాత్రము పాత యినుపసామానుల బండి యెక్కిపోయినవి.

కాగితము వాడుకలోనికి రాకమునుపు మన పెద్దలు తాటాకులపై వ్రాసిరి. ఆకును ఆరబెట్టి, అంచులను సమముగా కోసి, గంటముతో గీచి, ఆ గీతలలో మసి రుద్దినగాని అక్షరము కానరాదు. ఈ పనికి మొనయు కావలెను, పదునును కావలెను. అందుచేత పెక్కు గంటములకు ఒక కొనను వ్రాయు మొనగాను, రెండవ కొనను ఆకు కోయు అలుగుగాను చేసిరి. మరికొన్నింటిలో మొనయు అలుగును రెండును పిడిలోనికి ముడుచుకొనునట్లు అమర్చిరి. దక్షిణదేశపు మడతచాకు ఇదియే. తిక్కన సోమయాజి చెప్పుచుండగా గురునాథుడు గంటమాపక వ్రాసెనని పెద్దలు చెప్పుకొను కథ మనమందర మెరిగినదే. కవి పేరు నిలిచినది. లేఖకుని పేరును నిలిచినది. గంటమునకు పదును పెట్టిన కమ్మరి పేరు నిలువలేదు.

కాగితముతో కలము వచ్చినది, కలముతో చాకు వచ్చినది. చాకు అను మాటయే పారసీకము. ఆ భాషలోనిది కొద్ది మార్పుతో మన నోట నిలిచినది. వెదురు కలమునకును, దొరలు వాడు పెద్దబాతు ఈక కలమునకును మొన ఊరక మొద్దుబారును. దినమునకు పలుమారులు చెక్కవలెను. ఉక్కు పాళీలు వ్యాపించువరకు చాకులేని లేఖకుడు లేడు. విశాఖపట్టణపు పనివారు పదునెనిమిదవ శతాబ్దము మొదలుకొని దంతమును, గంధపుచెక్కను, కొమ్మును కలిపి లేఖన పేటికలను చేసి దూరదేశములకు పేరెక్కిరి. వాటి యరలలో సిరాబుడ్డి ప్రక్కనే చాకునకును చోటుండెడిది.

ఇక మా యింటి సంగతి. మా తాతగారు కరణీకము చేసిరి. ఆ వంశపారంపర్యపు ఉద్యోగములు 1984లో రద్దయినవి. దఫ్తరములు ప్రభుత్వమువారికి చేరినవి. మాకు మిగిలినది ఒక గుడ్డమూట. అందు మూడు వస్తువులు కలవు: తెల్లని పిడిగల మడతచాకు, నల్లని కొమ్ముపిడిగల మరియొక చాకు, ఒక ఇనుప గంటము. తెల్లచాకు కుంపిణీవారి కాలమున ఒక దొర జమాబందీనాడు మా పూర్వులకు బహూకరించినదని మా నాయనమ్మ చెప్పెడిది. దసరాకు పుస్తకములతోపాటు దానికిని పూజ జరిగెడిది. గంటమునకా భాగ్యము లేదు. దానితో ఆమె చింతపండు గింజలు తీయుచుండెడిది.

ఇట్టి వస్తువుల వయస్సు తెలియుట యెట్లు? కథను నమ్మక వస్తువునే అడుగవలెను. అలుగును సగము తెరచి, పిడిని చేరు మొదటిభాగమును భూతద్దముతో చూడుడు. చేసినవారి ముద్ర అచ్చటనే యుండును. మన దేశమునకు వచ్చిన చాకులలో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమువి ప్రసిద్ధములు. అచ్చటి జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ ముద్ర ఒక నక్షత్రమును, ఒక మాల్టా సిలువయు. అది 1764 నాటిది. ఆ కంపెనీవారు 1822లో 1822 అలుగులుగల చాకును ప్రదర్శనకై చేసిరన్నచో వారి నేర్పు ఊహింపవచ్చును.

ముద్రతోపాటు రాజచిహ్నాక్షరములు కొన్నింటిపై నుండును. వీ.ఆర్. అని యున్నచో విక్టోరియా కాలము, అనగా 1837 మొదలు 1901 వరకు. ‘ఇంగ్లండు’ అని దేశనామమున్నచో సాధారణముగా 1891కి తరువాతిది. ఏలయన, అమెరికావారు ఆ యేటినుండి దిగుమతి సరకుపై దేశనామమును తప్పనిసరి చేసిరి. ‘స్టెయిన్‌లెస్’ అని యున్నచో 1913కు ముందుది కానేరదు. త్రుప్పుపట్టని ఉక్కును షెఫీల్డున హ్యారీ బ్రియర్లీ వెలయించినది ఆ సంవత్సరముననే. బాణపు గుర్తును, సంవత్సరమును, లావైన సూదిమొనయు గల చాకు బ్రిటిషు సైనికులది. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపానువారి బాంబులు పడిన యుద్ధకాలపు చాకులు పాతసామానులలో నేటికిని నాకు కనబడుచున్నవి.

పిడియు మాటలాడును. దంతమున, అడ్డకోతలో, ఒకదానినొకటి ఖండించు సన్నగీతలుండును. ఎముకలో చిన్న నల్లచుక్కలుండును. రెండును లేక నున్నగా నున్నచో సెల్యులాయిడు కావచ్చును. దంతపు వస్తువుల క్రయవిక్రయములను వన్యప్రాణి చట్టము నిషేధించుచున్నదని మరువరాదు. ముద్రలకు నకళ్లును కలవు. ఇట్టి మోసము నరికట్టుటకే మన దేశమున 1889లో సరకుముద్రల చట్టము చేసిరి. కావున ముద్రయు, పిడియు, అరుగుదలయు ఒకే మాట చెప్పినప్పుడే నమ్మవలెను.

ఈ పరీక్షకు మా తెల్లచాకును నిలిపితిని. అలుగు మొదట ‘స్టెయిన్‌లెస్’ అను మాట కనబడినది. పిడిలో గీతలు లేవు, చుక్కలు లేవు. కుంపిణీ పాలన 1858లో ముగిసినది. లెక్కలవాడను గనుక తీసివేత చేసితిని: తక్కువలో తక్కువ యేబదియైదేండ్ల వ్యత్యాసము. మా నాయనమ్మ అసత్యమాడలేదు. ఆమెకు ఎవరో చెప్పిరి, వారికి మరియెవరో చెప్పిరి.

నల్లచాకును చూచినప్పుడు మాత్రము సిగ్గుపడితిని. పండ్రెండేండ్ల వయస్సున దానిని మెరిపింపవలెనని ఇటుకపొడితో తోమి, సానపై రుద్దినవాడను నేనే. నేడు దానిపై సగము నక్షత్రము మాత్రము మిగిలినది. అసలుదో, నకలో తేల్చుటకు వీలులేదు. సాక్ష్యము చెప్పవలసినవాని నాలుకను నా చేతులతోనే కోసితిని.

మన పూర్వులు గౌరవించిన చాకులు పరదేశపువేనా యని కొందరికి చిన్నతనము తోచవచ్చును. ఆ లెక్కకు రెండవ పద్దు కూడ కలదు. దక్షిణదేశపు మూస ఉక్కును ఐరోపావారు ‘వూట్జ్’ అనిరి. అది మన ‘ఉక్కు’ అను మాటయే రూపుమారినదని పెక్కుమంది పండితుల తలంపు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున ఈ ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరని వాయిసీ అను ఆంగ్లేయుడు వ్రాసెను. బొంబాయినుండి పంపబడిన ఇట్టి ఉక్కుతో జేమ్స్ స్టోడార్ట్ అను లండను పనివాడు ఒక కలముచాకునే చేసి చూచి, మేలైన ఉక్కుతో సమానమని కనుగొనెను. 1795లో ఆ సంగతి అచ్చైనది. తరువాత ఆతడు తన దుకాణపు ప్రకటనలో ఐరోపా ఉక్కుకంటె దీనికే పెద్దపీట వేసెను. 1933లో ఓడరేవు తెరచిన విశాఖ, 1992లో ఉక్కు కర్మాగారమును జాతికంకితము చేయగా చూచినది. ఆ కొలిమి వెలుగు రాత్రివేళ చూచినప్పుడెల్ల నాకు కోనసముద్రపు మూసలు గుర్తుకువచ్చును.

కావున గ్రామ సోదరసోదరీమణులకు నా మనవి. మీ యిండ్లలో గంటములు, చాకులు, అడకత్తెరలు ఉన్నచో తూకమునకు అమ్మకుడు. ఇటుకపొడితో తోమకుడు, పొడిగుడ్డతో తుడిచి, కుట్టుయంత్రపు నూనె చుక్క వేసిన చాలును. ఒకమారు మన గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. ఒక పుస్తకమున ఎడమప్రక్క మీ యింటి కథను కథగాను, కుడిప్రక్క వస్తువుపై కనబడినదానిని కనబడినట్లుగాను వ్రాసి యుంచెదను. ఆ రెండు పద్దులును కలియకున్నను కొట్టివేయను.

తెల్లచాకు సంగతి తెలిపినప్పుడు మా తండ్రిగారు కొంతసేపు మౌనముగా నుండి, “దొర ఇచ్చింది కాకపోతేనేం, మీ తాత చేతిది కాకపోలేదు కదరా. పూజ మానకు. ఆ గంటాన్ని కూడా పక్కన పెట్టు” అనిరి. కిందటి దసరాకు అట్లే చేసితిమి.