తెగిన పోగు ముడేసుకుంటూ...

మన ఫరంపేట ఉన్న యానాం చుట్టూ ఆంధ్రా నేలే, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1995 జనవరి 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. యానాంలో ఆ చట్టం లేదు. అప్పట్లో అక్కడ మూసిన దుకాణం ఇక్కడ తెరిచే ఉండేది. చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. మరి అలవాటు మారేదెలా?

ఆ నిషేధం దాకా నడిపించిన ఉద్యమం చూద్దాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. దూబగుంట ఆడవాళ్లు పగలు కూలికెళ్లి, రాత్రి పలక పట్టారు. పాఠంలో సీతమ్మ కథ వచ్చింది. తాగుడుకు కుదేలైన సంసారం కథ అది. అందరికీ తమ ఇల్లే కనిపించింది. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

తర్వాత వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లోనే సడలిపోయింది. కానీ అదే జిల్లాలో ఆడవాళ్లు మొదలెట్టిన 'పొదుపు లక్ష్మి' ఆగలేదు. మనిషికి రోజుకో రూపాయి, అంతే! గుంపుగా కూర్చుని లెక్క చూసుకునేవారు కాబట్టి ఒకరు మానేస్తే పక్కావిడ అడిగేది. ఆ అడగడమే అలవాటును నిలబెట్టింది.

ఇది నేతవాళ్లకు కొత్తా చెప్పండి? చీర ఒక్కపూటలో దిగదు. ఒకరు కండెలు చుట్టాలి, ఒకరు అచ్చు అతకాలి, ఒకరు నెయ్యాలి. పోగు తెగితే చీర పారేస్తామా? ముడేసి ముందుకెళ్తాం. మానేసిన మనిషి ఒకరోజు మళ్లీ తాగితే, "ఇక వీడింతే" అని వదిలెయ్యడం మాత్రం మనలో చాలామంది చేశాం. అది మన తప్పే.

అందుకే ఈ వార్షికోత్సవం నాడు పెద్ద ప్రమాణాలొద్దు. నాలుగైదిళ్లు కలవండి. కూలి అందిన రోజు డబ్బు ముందు ఇంటికే చేరాలి. అందులోంచి పది రూపాయలు డబ్బాలో పడాలి. గుంట మగ్గంలో గంటల తరబడి కూర్చునేవాళ్లు మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడవాలి. వారానికోసారి కలిసి, "ఏం బాబాయ్, ఈ వారం ఎలా గడిచింది?" అని అడగాలి. తప్పినవాణ్ణి తిట్టకుండా మళ్లీ కూర్చోబెట్టుకోవాలి. ముడి వెయ్యడం మన చేతులకు వచ్చిన పనే కదా.