జిద్దాలో చెట్టున్న ఇల్లు: 'బైత్ నసీఫ్' యాజమాన్య చరిత్ర

అరబీ భాషలో 'బైత్' అనే మాటకు ఇల్లు అనీ, కుటుంబమనీ రెండర్థాలున్నాయి. అనువాదకునికి ఇదొక చిన్న చిక్కు. 'బైత్ నసీఫ్' అన్నప్పుడు నసీఫ్ గారి ఇల్లు అని వ్రాయాలా, నసీఫ్ వంశమని వ్రాయాలా? జిద్దా పాతబస్తీలో ఈ పేరుతో ఒక భవనముంది. ఆ ఇల్లూ ఆ వంశమూ నూరేళ్ళ పాటు కలిసి నడిచి, తర్వాత విడిపోయాయి. ఆ విడిపోయిన తీరులో మనం ఆలోచించవలసిన విషయముంది.

ముందు ఊరి సంగతి. హిజ్రీ 26 (క్రీ.శ. 647)లో మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) జిద్దాను మక్కాకు రేవుగా నిర్ణయించారు. అంతకు ముందు ఆ పని షుఐబా రేవు ద్వారా జరిగేది. నాటి నుండి సముద్రం మీదుగా వచ్చే హాజీలకు జిద్దాయే మక్కా ద్వారమయింది. గోల్కొండ సుల్తానుల కాలంలో మన మచిలీపట్నం నుండి కూడా ఎర్రసముద్రపు రేవులకు ఓడలు నడిచాయి. తర్వాతి కాలంలో హైదరాబాదు హాజీలు బొంబాయిలో ఓడ ఎక్కి జిద్దాలో దిగేవారు.

1869లో సూయజ్ కాలువ తెరిచారు. పొగ ఓడలు పెరిగాయి, హాజీలు పెరిగారు, వర్తకం పెరిగింది. ఆ కలిమి జిద్దా వీధుల్లో ఎత్తయిన మేడలుగా నిలిచింది. 1872లో ఉమర్ నసీఫ్ ఎఫెందీ అనే సంపన్న వర్తక కుటుంబీకుడు తన ఇంటి నిర్మాణం మొదలుపెట్టారు. ఆయన మక్కా షరీఫ్ తరఫున జిద్దాలో వ్యవహారాలు చూసినవారు. 1881 నాటికి ఇల్లు పూర్తయింది.

గోడలకు ఎర్రసముద్రపు పగడపు రాయి. రాతి వరుసల నడుమ బరువును సమంగా పంచేందుకు అడ్డంగా పరిచిన కలప. వీధి వైపు 'రోషన్' అనే చెక్కడపు కిటికీలు. వాటి గుండా గాలి లోనికి వస్తుంది, లోపలి స్త్రీలు వీధిని చూడగలరు, వీధిలోని వారికి లోపలివారు కనిపించరు. మెట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటాయి. సరుకుతో ఒంటెలు పై అంతస్తు దాకా ఎక్కేవని ప్రతీతి. ఇంటి ముందు ఒక వేపచెట్టు ఉంది. పాత జిద్దాలో చాలా కాలం అదొక్కటే చెట్టని చెప్పుకుంటారు. అందుకే దానికి 'చెట్టున్న ఇల్లు' అనే పేరు కూడా వచ్చింది. వేప మనకు వాకిట్లో చెట్టు. ఆ ఉప్పుగాలి నేలలో అది ఊరికే గుర్తయింది.

ఉమర్ ఎఫెందీ తర్వాత ఇల్లు ఆయన మనుమడు షేఖ్ ముహమ్మద్ నసీఫ్ గారి పేరుతో ప్రసిద్ధమయింది. 1885లో పుట్టిన ఈయన చిన్ననాడే తండ్రిని పోగొట్టుకుని తాతగారి నీడలో పెరిగారు. ఆయన కళ్ళ ముందే మూడు ప్రభుత్వాలు మారాయి. ఉస్మానీ పాలన పోయి 1916లో షరీఫ్ హుసైన్ పాలన వచ్చింది. 1925లో దాదాపు ఏడాది ముట్టడి తర్వాత షరీఫ్ కుమారుడు అలీ జిద్దా విడిచి వెళ్ళగా, ఆ డిసెంబరులో అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సవూద్ నగరంలో ప్రవేశించారు. ఆయన బస చేసింది ఈ ఇంట్లోనే. తర్వాత జిద్దాకు వచ్చిన తొలి సందర్భాల్లోనూ ఇక్కడే దిగి అతిథులను కలుసుకునేవారు. ఒకప్పుడు షరీఫుల ప్రతినిధి కట్టించిన ఇల్లు, వారిని జయించిన రాజుకు విడిది అయింది. అయినా ఇల్లు నసీఫ్ కుటుంబానిదిగానే మిగిలింది.

యాజమాన్యంలో అసలు మార్పు మరొక దారిన వచ్చింది. షేఖ్ ముహమ్మద్ నసీఫ్ గ్రంథప్రియులు. వ్రాతప్రతులూ అచ్చు పుస్తకాలూ వేల సంఖ్యలో సేకరించారు. అవి పదహారు వేలని కూడా అంటారు. ఆ ఇంటికి వచ్చిన ఎవరైనా వాటిని చదువుకోవచ్చు. హజ్‌కు వచ్చిన పండితులెందరికో అది విడిదీ, పఠనశాలా అయింది. ధర్మగ్రంథాలను సొంత ఖర్చుతో అచ్చు వేయించి ఉచితంగా పంచిపెట్టారు కూడా. అంటే దస్తావేజులో ఇల్లు ఒక కుటుంబానిదే అయినా, ప్రయోజనంలో అది అప్పటికే అందరిదయింది.

ఆయన 1971లో పరమపదించారు. తర్వాత ఆ గ్రంథాలు కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. 1970ల మధ్యలో ఇల్లు కుటుంబం చేతి నుండి ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. దానిని బాగుచేసి ప్రదర్శనశాలగా, సాంస్కృతిక కేంద్రంగా తీర్చిదిద్దారు. 2014లో యునెస్కో పాత జిద్దాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇరుగుపొరుగు ఇళ్ళన్నిటికీ ఈ భాగ్యం కలగలేదు. 1947లో నగర ప్రాకారం పడగొట్టాక, చమురు సంపదతో కొత్త పేటలు వెలిశాయి. పాత యజమానులు అక్కడికి తరలిపోయారు. మేడలు గదులు గదులుగా అద్దెకు పోయాయి. పగడపు రాయి సచ్ఛిద్రమైనది, ఉప్పుతేమను పీల్చుకుంటుంది. గచ్చు ఎప్పటికప్పుడు పూయకపోతే, కుళ్ళిన కలప మార్చకపోతే గోడ నిలవదు. నాదని చెప్పుకునేవారు పదిమంది ఉండి, బాగుచేసేవాడు ఒక్కడూ లేని ఇల్లు ముందుగా కూలుతుంది.

ఈ మాట జిద్దాకే పరిమితం కాదు. మన ఊళ్ళలోనూ తాతల నాటి ఇళ్ళు వారసుల తగవుల్లో తాళం పడి, బీటలు వారి కనిపిస్తాయి. తప్పు వారసత్వ ధర్మానిది కాదు. దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరాలో ఎవరి వాటా ఎంతో స్పష్టంగా నిర్ణయించింది. వాటాలు పంచకుండా తరాల తరబడి నాన్చడమే మన తప్పు. పంచుకోవచ్చు, ఒకరు మిగిలినవారి వాటాలు కొనుక్కోవచ్చు. వారసులు కాని వారికో, సత్కార్యానికో మూడో వంతు మించకుండా వసీయత్ వ్రాయవచ్చు. బ్రతికుండగానే వక్ఫ్ చేయవచ్చు. ఖైబర్‌లో తమకు లభించిన భూమి విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స) సలహా అడిగినప్పుడు వెలసిన మార్గమిదే. ఆ భూమి అమ్మకానికీ, దానానికీ, వారసత్వానికీ అతీతమయింది. దాని ఫలం పేదలకూ, బంధువులకూ, బాటసారులకూ అందింది.

'వక్ఫ్' అంటే నిలిపివేయడం. యాజమాన్యం చేతులు మారడాన్ని నిలిపి, ప్రయోజనాన్ని మాత్రం పారనివ్వడం. నసీఫ్ గారి గ్రంథాలయం వెనుకనున్న బుద్ధి దానికి దూరమైనది కాదు. సంపదకు మనుషులు ప్రతినిధులేనని హదీద్ సూరా బోధిస్తుంది. మనిషి మరణించాక కూడా అతనికి పుణ్యం చేరవేసే వాటిలో ఇతరులకు ఉపయోగపడే విద్య ఒకటని హదీసు చెబుతుంది. ఉమర్ ఎఫెందీ పగడపు రాతితో ఇల్లు కట్టారు. మనుమడు దాని తలుపు చదువరులకు తెరిచారు. తలుపు తెరిచినందుకే ఈనాడు ఆ రాతి గురించి ఇంత చెప్పుకుంటున్నాం. మన ఇంటి కాగితాలు ఎవరి పేరిట ఉన్నాయో, ఆ ఇల్లు ఎవరికి ఉపయోగపడుతోందో పాఠకులు తీరిక చేసుకుని ఒకసారి చూసుకోవాలి. బ్రతికుండగానే చూసుకోవడం మంచిది.