రాయలసీమ చెరువులు: నిర్మాణం, నిర్వహణ, హక్కు – పోరుమామిళ్ల శాసనం వెలుగులో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వర్షాభావ ప్రాంతమైన రాయలసీమలో వ్యవసాయానికి శతాబ్దాల పాటు చెరువే ఆధారం. చెరువుల చరిత్రను సాధారణంగా వాటిని కట్టించిన రాజుల చరిత్రగా, క్షీణతను వర్షాభావ ఫలితంగా చెప్పడం పరిపాటి. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనాన్ని, దశబంధం ఇనాములను, 19వ శతాబ్దపు శిస్తు విధానాన్ని, ఇటీవలి బోరుబావుల సేద్యాన్ని వరుసగా పరిశీలించి, చెరువు ఆయుష్షును నిర్ణయించినది ప్రధానంగా మరమ్మత్తు బాధ్యతకూ నీటిపై హక్కుకూ మధ్య ఉన్న సంబంధమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చెరువు, ఆయకట్టు, దశబంధం, కుడిమరామత్తు, దత్త మండలాలు, పూడిక, భూగర్భజలం.

1. ఉపోద్ఘాతం

రాయలసీమలో వాన కురిసే రోజులు తక్కువ. అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వాన కూడా పంటకాలమంతటా సమంగా కురవదు; కొన్ని రోజుల్లో కుండపోతగా కురిసి, తరువాత వారాల తరబడి ముఖం చాటేస్తుంది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపినంతగా ఈ ప్రాంతాన్ని తడపవు. ఇటువంటి చోట రైతుకు ఎంత వాన కురిసిందన్నదే కాక, కురిసిన వానను ఎన్నాళ్లు నిలుపుకోగలిగామన్నది కూడా జీవన్మరణ సమస్య అవుతుంది.

ఆ సమస్యకు ఇక్కడి సమాజం కనుగొన్న సమాధానం చెరువు. కొండల మధ్య, వాగుల దారిలో మట్టికట్ట వేసి, తూము ద్వారా నీటిని పొలాలకు వదిలి, మిగులు నీటిని మరువ మీదుగా దిగువ చెరువుకు పంపే గొలుసుకట్టు పద్ధతి ఈ నేల వాలుకు తగినట్లుగా రూపొందింది. ఎగువ చెరువు నిండితేనే దిగువ చెరువుకు నీరు. ఎగువ కట్టకు గండి పడితే దిగువ ఊరికీ ప్రమాదమే. అందువల్ల చెరువు ఏ ఒక్క ఊరి సొత్తూ కాలేదు. దాని మేలూ కీడూ ఊళ్లను ఒకదానితో ఒకటి ముడిపెట్టాయి.

2. పోరుమామిళ్ల శాసనం: చెరువు లక్షణాలు

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం వద్ద ఉన్న సంస్కృత శాసనం దక్షిణ భారత నీటిపారుదల చరిత్రకు అత్యంత విలువైన ఆధారాల్లో ఒకటి. శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటి ఈ శాసనాన్ని వి.ఎస్. సుక్థంకర్ ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించారు. విజయనగర పాలకుడు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి కేంద్రంగా పాలించిన భాస్కర భవదూరుడు ఈ చెరువును నిర్మింపజేశాడు. దీనికి అనంతరాజ సాగరమని పేరు. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు పనిచేశారని, రాళ్ల రవాణాకు నూరు బండ్లు వినియోగించారని శాసనం పేర్కొంటుంది.

శాసనంలోని విశేషం ఈ వివరాలతో ముగియదు. ఉత్తమ తటాకానికి పన్నెండు సాధనాలను, పరిహరించవలసిన ఆరు దోషాలను అది వరుసగా చెబుతుంది. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అయిన రాజు; జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు; గట్టి బంకనేల; దూరం నుంచి తీపినీటిని తెచ్చే నది; ఆ నదిని ఆనుకున్న కొండ; కొండల నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట; విశాలమూ లోతూ గల గర్భం; తిన్నని పొడవైన రాళ్లు దొరికే గని; చుట్టూ సారవంతమైన సమతల పొలాలు; పనిలో ఆరితేరిన నిర్మాణకారులు – ఇవి ఆ సాధనాల్లో ముఖ్యమైనవి. నేల, నీరు, రాయి, ధనం, విద్య, శ్రమ అన్నీ ఒకేచోట కూడినప్పుడే చెరువు నిలుస్తుందన్న సమగ్ర దృష్టి ఇందులో కనిపిస్తుంది.

దోషాలు ఆరు: కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, గర్భం నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు తక్కువై తడపవలసిన భూమి ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. వీటిలో కారడం, చవుడు, మిట్ట అనేవి భౌతిక దోషాలు. మిగిలిన మూడింటి స్వభావం వేరు. సరిహద్దు దోషం అధికారానికి సంబంధించినది. రెండు రాజ్యాల నడుమ ఉన్న నీటికి యజమాని ఎవరో తేలదు. నీటికీ భూమికీ పొత్తు కుదరకపోవడం కొంతవరకు ప్రకృతి వల్ల, కొంతవరకు ఎంత భూమిని ఆయకట్టులో చేర్చాలన్న మానవ నిర్ణయం వల్ల జరుగుతుంది. నీటి కొరతకు వర్షంతోపాటు మనుషుల నిర్ణయాలూ కారణమన్న ఎరుక పద్నాలుగవ శతాబ్దంలోనే ఉన్నదనడానికి ఈ జాబితా సాక్ష్యం.

అయితే ఈ రెండు జాబితాల్లోనూ పూడిక ప్రస్తావన లేదు. ఏటా కట్టను ఎవరు చక్కదిద్దాలి, తూమును ఎవరు కాపాడాలి అన్న ప్రశ్న లేదు. రోజుకు వెయ్యిమంది కూలీలన్న సంఖ్య ఉన్నది గాని, వారి పేర్లు లేవు. శాసనం నిర్మాణ క్షణాన్ని నమోదు చేస్తుంది. నిర్మాణం తరువాతి శతాబ్దాల చరిత్రకు ఇతర ఆధారాలను ఆశ్రయించవలసి ఉంటుంది.

3. దశబంధం: మరమ్మత్తుకు ముడిపడిన హక్కు

మట్టికట్ట ప్రతి వానకూ కొంత కరుగుతుంది. వాగు తెచ్చిన ఒండ్రు గర్భంలో చేరుతుంది. కట్ట మీద మొలిచిన చెట్ల వేళ్లు, ఎలుకల బొరియలు నీటికి దారి ఇస్తాయి. కనుక చెరువును ఒకసారి కట్టడంతో పని పూర్తికాదు. ఏటేటా అది కొంత కొంతగా మళ్లీ కట్టబడుతూ ఉండవలసిందే.

ఈ అవసరం నుంచి రూపొందిన ఏర్పాటే దశబంధం. చెరువును తవ్వించి లేదా బాగుచేసి, దానిని నిర్వహించే బాధ్యత స్వీకరించిన వ్యక్తికి ఆ చెరువు కింది భూమిలో గాని, రాబడిలో గాని కొంత భాగాన్ని ఇనాముగా ఇచ్చేవారు. పదవ వంతు అన్న అర్థం పేరులోనే ఉన్నప్పటికీ, భాగం అన్నిచోట్లా ఒకటిగా ఉండేది కాదు. నిర్దిష్టమైన భూఖండాన్ని ఇస్తే ఖండ దశబంధమని, ఆయకట్టు రాబడిలో భాగం ఇస్తే షామిలాత్ దశబంధమని వ్యవహరించారు. కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో ఈ ఇనాములు విస్తృతంగా ఉండేవి.

దశబంధంలోని కీలకం దాని తర్కంలో ఉన్నది. చెరువు నిండితేనే ఇనాముదారు భూమి పండుతుంది. కట్ట తెగితే అతని రాబడీ తెగుతుంది. నిర్వహణ బాధ్యతా, నీటి ఫలితమూ ఒకే వ్యక్తి చేతిలో ముడిపడి ఉండడమే ఈ ఏర్పాటుకు బలం.

దీనికి తోడుగా ఊరిలో నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పారాలో చూడడం, వాననాటి రాత్రి కట్టకు కాపలా కాయడం అతని పని. ప్రతిఫలంగా అతనికి మాన్యమో, కల్లం వద్ద ధాన్యపు మేరయో ముట్టేది. కాలువల పూడిక తీయడం, కట్టకు మట్టి వేయడం రైతుల ఉమ్మడి బాధ్యత. వేసవిలో గర్భంలోని ఒండ్రును బండ్లతో మెట్ట పొలాలకు తోలుకోవడం వల్ల చెరువుకు లోతు, పొలానికి సత్తువ ఏకకాలంలో సమకూరేవి.

ఈ వ్యవస్థను ఆదర్శీకరించడం చరిత్రకు న్యాయం చేయదు. తూముకు దగ్గరగా ఉన్న మాగాణి చాలాచోట్ల పలుకుబడిగల కులాల చేతిలో ఉండేది. నీటిని పంచే నీరుగంటి మాత్రం అనేక గ్రామాల్లో దళిత కులాలకు చెందినవాడు. మడిమడికీ నీరు పారించిన మనిషికి ఆయకట్టులో తనదంటూ మడి ఉండడం అరుదు. చెరువు ఊరిని ఒకటిగా కూర్చింది. అదే సమయంలో ఊరిలోని అంతరాలను నీటి వరుసగా స్థిరపరచింది.

4. దత్త మండలాలు: శిస్తు, మరమ్మత్తు వేరుపడడం

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో ఇవి దత్త మండలాలయ్యాయి. 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో ఇక్కడ భూములను కొలిపించి రైతువారీ శిస్తు పద్ధతికి పునాది వేశాడు. మాగాణి శిస్తు మెట్ట శిస్తుకంటే బాగా ఎక్కువ. ఆ హెచ్చుకు మూలం చెరువు నీరే. ఆ విధంగా చెరువు ప్రభుత్వ రాబడి లెక్కలో స్థిరమైన స్థానం పొందింది. దానిని కాపాడే బాధ్యతకు మాత్రం అంతటి స్పష్టత ఏర్పడలేదు.

రాతికట్టడం, తూము వంటి పెద్ద పనులు ప్రభుత్వానివి. మట్టిపని, పూడిక, పొదల తొలగింపు వంటి చిల్లర పనులు కుడిమరామత్తు పేరిట రైతులవి అని క్రమంగా విభజన ఏర్పడింది. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ఆచారంగా వస్తున్న ఈ శ్రమను చట్టబద్ధం చేసింది. ఆ శ్రమ చేయనివారి నుంచి దాని విలువకు రెట్టింపు సొమ్ము వసూలు చేసే వీలు కల్పించింది. ఊరి కట్టుబాటుగా సాగిన పని చట్టపు శిక్షకు లోబడిన పనిగా మారింది. శిస్తు సర్కారుకు పోతుండగా చాకిరీ మాత్రం తనపై మిగలడం రైతుకు భారంగా తోచడం సహజం.

అదే సంవత్సరం మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ పని ప్రారంభించింది. దశబంధం ఇనాములు నిర్వహణ షరతుపైనే కొనసాగాయి. కాని వారసత్వ పంపకాలతో భూమి అనేకుల చేతుల్లోకి చీలిపోయినకొద్దీ, ఏ భాగస్వామి ఎంత మరమ్మత్తు చేయాలన్నది తేల్చడం కష్టమైంది. ఇనాము మిగిలి, దానికి మూలమైన పని సన్నగిల్లింది.

ఈ కాలపు పెట్టుబడుల దిశ కూడా గమనార్హం. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట, ఆ వెంటనే 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాయి. పెట్టిన సొమ్ముకు తగిన రాబడి వస్తుందా అన్నదే ప్రభుత్వ కొలమానం. డెల్టా కాలువలు ఆ కొలతకు నిలిచాయి. వందలాది ఊళ్లలో చెదురుగా ఉన్న చిన్న చెరువులు నిలవలేదు. రాయలసీమలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో చేపట్టిన కర్నూలు–కడప కాలువ సైతం ఆర్థికంగా విఫలమై, 1882లో ప్రభుత్వపరమైంది.

5. ధాత కరువు, తదనంతర పరిణామాలు

1876–78 నాటి మహాక్షామం ఈ దుర్బలతను బట్టబయలు చేసింది. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ప్రజలు దానిని ధాత కరువు అన్నారు. వానలు వరుసగా తప్పడం తక్షణ కారణం. కాని అనావృష్టి క్షామంగా మారడానికి ధాన్యపు ధరలు, శిస్తు భారం, కూలి పనుల లేమి తోడయ్యాయి. సహాయక పనుల్లో చేరిన కూలీలకు రిచర్డ్ టెంపుల్ సూచనపై రోజుకు ఒక పౌను ధాన్యం, దానికి అదనంగా కొద్దిపాటి సొమ్ము చొప్పున కూలి నిర్ణయించారు. మట్టి తవ్వి మోసే శరీరానికి ఆ తిండి చాలదన్న విమర్శ ఆనాడే వచ్చింది.

క్షామానంతరం 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకాన్ని ప్రారంభించింది. నదీ పరీవాహక ప్రాంతాల వారీగా చెరువులను సర్వే చేసి, వాటి ఆయకట్టు, నిలువ సామర్థ్యం, తూము, మరువల కొలతలను నమోదు చేయించింది. ఈ నమోదులు నేటి పరిశోధకులకు అమూల్యమైన ఆధారాలు. అయితే పథకం చెరువును ఇంజనీరింగు ప్రమాణానికి తేవడంపై దృష్టి నిలిపింది. తరువాతి ఏడాది, ఆ మరుసటి ఏడాది దానిని ఎవరు కాపాడాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

6. బోరుబావి: నీటి నుంచి విడివడిన రైతు

స్వాతంత్ర్యానంతరం గ్రామాలకు విద్యుత్తు చేరడం, 1970ల తరువాత బోరుబావులు విస్తరించడం మరో మలుపు. సొంత బోరు ఉన్న రైతుకు నీరుగంటితో పని లేదు. చెరువు నిండకపోయినా అతని పొలం కొన్నాళ్లు పండుతుంది. పూడికతీతకు ముందు నిలవవలసిన స్తోమతగల రైతులే మొదట చెరువుకు దూరమయ్యారు. బోరు వేసుకోలేని చిన్న రైతు పాడుపడిన చెరువుతో మిగిలాడు.

ఇందులోని వైరుధ్యం గమనించదగినది. బోరులో ఊరే నీటికి చెరువులో నిలిచిన నీరే ఒక ప్రధాన ఆధారం. చెరువు ఎండినకొద్దీ భూగర్భజలం అడుగంటింది. అడుగంటినకొద్దీ మరింత లోతుకు తవ్వడానికి అప్పు పెరిగింది. ఒకప్పుడు ఊరంతా కలిసి మోసిన అనావృష్టి నష్టం ఒంటరి రైతు కుటుంబం మీద పడింది.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన నీటిపారుదల వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో నీరు–చెట్టు కార్యక్రమం అదే కాలంలో పూడికతీతను చేపట్టింది. ఇవి చెరువును మళ్లీ ప్రజాచర్చలోకి తెచ్చాయి. పూడిక తీయడం యంత్రాలతో కొన్ని వారాల్లో ముగిసే పని. ఏటేటా తీసేలా మనుషులను నిలిపి ఉంచే ఏర్పాటే కష్టమైనది.

7. ముగింపు

పోరుమామిళ్ల చెరువు ఆరున్నర శతాబ్దాల తరువాత కూడా వినియోగంలో ఉన్నది. అదే ప్రాంతంలో, అంతే వర్షపాతంతో, ఎన్నో చెరువులు పూడిపోయాయి. ఈ తేడాను వానతోనో నిర్మాణ నైపుణ్యంతోనో మాత్రమే వివరించడం సాధ్యం కాదు. శాసనం చెప్పిన పన్నెండు సాధనాలు చెరువుకు జన్మనిస్తాయి. దశబంధం, నీరుగంటి మేర, ఉమ్మడి శ్రమ వంటి ఏర్పాట్లు దానికి ఆయుష్షునిచ్చాయి. బాధ్యత ఒకరిదై ఫలం మరొకరిదైన ప్రతి దశలోనూ చెరువు క్షీణించింది.

దశబంధాన్ని యథాతథంగా పునరుద్ధరించడం సాధ్యమూ కాదు, వాంఛనీయమూ కాదు. అది నాటి కుల, భూసంబంధాలతో పెనవేసుకున్న ఏర్పాటు. కాని దాని వెనుకనున్న సూత్రం నేటికీ వర్తిస్తుంది. ఆయకట్టు చివరి మడి రైతుకు, చేపలు పట్టేవారికి, పశువుల కాపరికి, భూమిలేని కూలీకి చెరువు ఫలంలో నికరమైన హక్కు ఉన్నప్పుడే దానిని కాపాడే చేతులు నిలుస్తాయి. శాసనకారుడు చెప్పిన ఆరు దోషాల సరసన ఏడవదానిని చేర్చవలసి వస్తే, అది నీటిలో పాలులేనివారిపై కట్ట భారం మోపడమే అవుతుంది.