‘ది పబ్లిక్ ఎనిమీ’ : దుష్టపాత్రకు జీవము పోసిన నటులు

మంచివాని వేషము కట్టిన నటునకు ప్రేక్షకుల ఆదరము సగము ముందుగానే లభించును. దుష్టుని వేషము కట్టినవాడు ఆ ఆదరమును కేవలము తన నటనతోనే సంపాదించుకొనవలెను. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. నటుడు ఆ పాత్రను మిక్కిలి రక్తి కట్టించినచో, చూచువారు దుష్టుని అసహ్యించుకొనుటకు మారుగా అతనిపై మోజు పడుదురేమో! దుర్యోధనుని పద్యమునకు ‘వన్స్ మోర్’ కొట్టిన మన నాటక ప్రేక్షకులకు ఈ చిక్కు తెలియనిది కాదు. అమెరికా చలనచిత్ర చరిత్రలో ఈ ప్రశ్న 1931వ సంవత్సరమున తీవ్రముగా తలయెత్తెను. అందుకు కారణమైన చిత్రములలో ‘ది పబ్లిక్ ఎనిమీ’ ముఖ్యమైనది. ఆ పేరునకు ‘ప్రజాశత్రువు’ అని అర్థము.

ఈ చిత్రము పుట్టిన కాలమును కొంత తెలిసికొనవలసి యున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1920 జనవరి 17 నుండి మద్యనిషేధము అమలులోనికి వచ్చి, 1933 డిసెంబరు 5న రద్దయ్యెను. ఆ నడుమ త్రాగుడు మాననివారికి దొంగచాటుగా మద్యము అందించుటకు నగరములలో ముఠాలు బయలుదేరెను. షికాగోలో ఆల్ కపోన్ ముఠా పేరుమోసినది. 1929 ఫిబ్రవరి 14న ఆ నగరములోని ఒక మోటారు గరాజులో ఏడుగురిని గోడవైపు వరుసగా నిలిపి కాల్చి చంపిరి. సరిగా ఆ రోజులలోనే చలనచిత్రమునకు మాట వచ్చెను. తుపాకి మ్రోత, మోటారుల రొద, వీధి మనుష్యుల దురుసు భాష మూకీ చిత్రమునకు అందని సంగతులు. టాకీకి అవే బలమయ్యెను.

1931 జనవరిలో ‘లిటిల్ సీజర్’, ఏప్రిలులో ‘ది పబ్లిక్ ఎనిమీ’, 1932లో ‘స్కార్‌ఫేస్’ విడుదలయ్యెను. మొదటి దానిలో ఎడ్వర్డ్ జి. రాబిన్సన్, మూడవ దానిలో పాల్ మ్యూనీ నాయకులు. ఇద్దరును నాటకరంగమున పండినవారే. రాబిన్సన్ ధరించిన పాత్ర అధికారదాహముతో మండు మనిషి. మ్యూనీ ధరించిన పాత్ర క్రౌర్యము నిండిన పసివాని వంటిది. ఆ ఇద్దరిని చూచిన ప్రేక్షకుడు దూరముగా నిలిచి భయపడును. కాని ‘ది పబ్లిక్ ఎనిమీ’లోని టామ్ పవర్స్ ప్రక్కయింటి కుర్రవాడు. అందుచేతనే అతడు ఎక్కువ ప్రమాదకారి.

ఈ చిత్రమునకు దర్శకుడు విలియం వెల్‌మన్. మొదటి ప్రపంచ యుద్ధమున విమానము నడిపిన అనుభవము గల ఈయనయే 1927లో ‘వింగ్స్’ అను ప్రఖ్యాత చిత్రమును తీసెను. షికాగో జీవితమును ఎరిగిన జాన్ బ్రైట్, క్యూబెక్ గ్లాస్‌మన్ అను ఇద్దరు రచయితల అచ్చుకాని నవల ఈ కథకు మూలము. టామ్ పవర్స్, మాట్ డోయల్ చిన్ననాటి స్నేహితులు. చిల్లర దొంగతనములతో మొదలుపెట్టి, మద్యనిషేధ కాలమున దొంగబీరు వ్యాపారములో చేరి, బలాత్కారముగా దుకాణములకు సరుకు అంటగట్టుచు, మంచి దుస్తులు, మోటారుకార్లు సంపాదించి, కడకు ఇద్దరును తుపాకులకు బలియగుదురు. కథ ఇంతియే.

మొదట టామ్ పాత్రకు ఎడ్వర్డ్ వుడ్స్‌ను, మాట్ పాత్రకు జేమ్స్ క్యాగ్నీని నిర్ణయించిరి. చిత్రీకరణ ఆరంభమైన పిమ్మట, తీసిన కొంత భాగమును వేసి చూచుకొన్న వెల్‌మన్‌కు పాత్రలు తారుమారైనట్లు తోచెను. వెంటనే ఇద్దరిని ఒకరి స్థానమున ఒకరిని నిలిపెను. బాల్యదృశ్యములలోని బాలురను మాత్రము మార్చలేదు. కావుననే చిన్ననాటి టామ్‌లో వుడ్స్ పోలికలు, చిన్ననాటి మాట్‌లో క్యాగ్నీ పోలికలు నేటికిని కనిపించును. ఆ ఒక్క మార్పుతో క్యాగ్నీ జీవితమే మారిపోయినది.

క్యాగ్నీ 1899 జులై 17న న్యూయార్కు నగరమున సామాన్య కుటుంబములో జన్మించెను. 1919లో ఒక వినోద ప్రదర్శనలో స్త్రీవేషముతో నాట్యబృందమున ఆడి రంగస్థల జీవితము ప్రారంభించెను. 1930లో ‘పెన్నీ ఆర్కేడ్’ అను నాటకమున జోన్ బ్లాండెల్‌తో కలిసి నటించుచుండగా, ఆ నాటకపు హక్కులను కొన్న గాయకుడు ఆల్ జోల్సన్ వీరిద్దరిని వార్నర్ సంస్థకు సిఫారసు చేసెను. ఆ విధముగా ఆయన చిత్రరంగమునకు వచ్చెను.

ఆనాటి టాకీలలో మైకు ఎక్కడ నున్నదో చూచుకొని, ఆగి ఆగి, నిండుగా మాటలాడు నటులు పెక్కురు. క్యాగ్నీ మాట తుపాకిగుండు వలె వెడలెను. నాట్యము నేర్చిన దేహమగుటచే ముని వ్రేళ్లపై నిలిచినట్లు కదలును. ఊరక నిలుచున్నపుడు సైతము ఏదో చేయబోవుచున్నట్లుండును. తల్లి ముఖమునకు పిడికిలిని ముద్దుగా తాకించు టామ్, అదే పిడికిలితో పరులను కొట్టును. ప్రేమకును హింసకును అతని చేతిలో ఒకటే భాష. ఈ సంగతి చెప్పుటకు క్యాగ్నీకి సంభాషణ అవసరము లేకపోయెను.

ఈ చిత్రము పేరు చెప్పగానే అందరికిని గుర్తు వచ్చు దృశ్యమొకటి యున్నది. ఉదయము ఫలాహారపు బల్లయొద్ద టామ్, అతనితో కాపురము చేయుచున్న కిట్టీ కూర్చుందురు. ఆమె పలికిన చిన్నమాటకు విసుగుచెంది అతడు పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ పండు చెక్కను ఆమె ముఖమున నొక్కును. తెరపై అది కొన్ని క్షణములే. చంపుటకంటె ఈ చిన్న అవమానమే ప్రేక్షకుల మనసున నాటుకొన్నది. దానికి సగము కారణము క్యాగ్నీ కాగా, సగము కిట్టీ పాత్రధారిణి మే క్లార్క్. ఆమె ముఖమున కనిపించు దిగ్భ్రమ, సిగ్గు లేనిచో అది వట్టి పరిహాసమై పోయెడిది. ఆమె బాధపడుటచేతనే టామ్ ఎంత నీచుడో తెలిసినది.

ఇట్టిదే మరియొక ఘట్టము. చిన్నతనమున తమను దొంగతనమునకు దింపి, ఆపద వచ్చినపుడు విడిచిపోయిన ‘పట్టీ నోజ్’ అనువానిని స్నేహితులిద్దరు పగతీర్చుకొనుటకు పట్టుకొందురు. వాడు ప్రాణభీతితో పియానో ముందు కూర్చుండి, పిల్లలుగా నున్నపుడు వారికి వినిపించిన పాటనే పాడి బ్రతిమాలుకొనును. టామ్ అతని వెనుకకు నడచును. అప్పుడు కెమెరా తలుపు దగ్గర నిలిచిన మాట్ వైపు తిరుగును. తుపాకి మ్రోగుట, పియానో మెట్లపై దేహము కూలుట చెవికి వినబడును. కంటికి కనిపించునది మాట్ ముఖమొక్కటే. నాయకపాత్రను పోగొట్టుకొన్న ఎడ్వర్డ్ వుడ్స్‌పై ఆ హత్య భారమంతయు పడినది. ఆయన దానిని నిశ్శబ్దముగా మోసెను. టామ్ ఏమియు జరుగనట్లు బయటికి నడచును.

ఇంటిలోనివారి సంగతి చూడవలెను. తండ్రి పోలీసు, మాట లేదు, బెల్టు దెబ్బ మాత్రమే. అన్న మైక్ ట్రాము బండిపై పనిచేయుచు రాత్రిబడిలో చదువుకొనును. యుద్ధమునకు పోయి దేహము చెడి తిరిగివచ్చును. ఆ పాత్రను డోనాల్డ్ కుక్ ధరించెను. అన్న తిరిగివచ్చిన సందర్భమున టామ్ భోజనపు బల్ల నడుమ పెద్ద బీరు పీపాను పెట్టించును. అందరును దానిచాటున కూర్చుండి ఒకరినొకరు చూచుకొనలేని స్థితి! అందులో నున్నది బీరు మాత్రమే కాదు, రక్తము కూడ నని అన్న మండిపడును. యుద్ధములో నీవు చేసినదేమని తమ్ముడు ఎదురు పొడుచును. ఆ ప్రశ్నకు అన్నయొద్ద జవాబు లేదు. నీతి చెప్పువానిని సైతము సుఖముగా నిలువనీయని ఘట్టమిది.

తల్లి పాత్రను బెరిల్ మెర్సర్ ధరించెను. కుమారుడు ఎంతటివాడైనను ఆమె కంటికి పసివాడే. ఈ అమాయకత్వము అతిగా నున్నదని తోచవచ్చును. కాని చివరి ఘట్టమునకు అదియే ఆధారము. మాట్ భార్యగా జోన్ బ్లాండెల్ సహజముగా ఒదిగిపోయినది. విలాసినిగా కనిపించు జీన్ హార్లోకు అప్పటికి నటనలో పరిపాకము చాలదు. అనతికాలములోనే ఆమె హాస్యపాత్రలలో గొప్ప పేరు తెచ్చుకొని, 1937లో 26 ఏండ్లకే మరణించెను.

మాట్‌ను చంపు దృశ్యమున మరతుపాకిలో నిజమైన గుండ్లనే వాడిరి. క్యాగ్నీ గోడమూల దాటి తప్పుకొన్నంతనే అవి గోడను చీల్చెను. స్నేహితుని చావునకు పగ తీర్చుకొన టామ్ రెండు పిస్తోళ్లతో, కుండపోతగా కురియు వానలో, శత్రువుల స్థావరము లోనికి పోవును. లోపల జరిగినది ప్రేక్షకులు చూడరు. కాల్పులు, కేకలు మాత్రమే విందురు. గాయపడి తూలుచు బయటికి వచ్చిన టామ్, తాను అనుకొన్నంత గట్టివాడను కానని గొణుగుచు వీధి కాలువ ప్రక్కన కూలిపోవును. ఆ మాటను క్యాగ్నీ జాలి గొలుపునట్లు పలుకడు. లెక్క తప్పినదని తెలిసినవాని వలె పలుకును.

పిదప ఆసుపత్రి నుండి శత్రువులు టామ్‌ను ఎత్తుకొని పోవుదురు. అతడు ఇంటికి వచ్చుచున్నాడని టెలిఫోను వార్త వచ్చును. గ్రామఫోను మ్రోగుచుండగా తల్లి మేడపై సంతోషముతో పడక సర్దును. తలుపు తట్టిన శబ్దము విని మైక్ తలుపు తీయును. త్రాళ్లతో చుట్టిన టామ్ దేహము నిలువుగా నుండి, ముఖము ముందుగా లోపలికి కూలును. మేడపై తల్లికి ఇంకను తెలియదు. చిత్రము అక్కడ ముగియును.

నేరస్థులను గొప్పచేయుట తమ ఉద్దేశము కాదని నిర్మాతలు చిత్రమునకు ముందు ప్రకటించిరి. అయినను ఇట్టి చిత్రములపై ఆందోళన చెలరేగెను. 1930లో వ్రాసియుంచిన నీతి నియమావళిని 1934 నుండి గట్టిగా అమలు జరిపిరి. 1935లో వార్నర్ సంస్థ ‘జి మెన్’ అను చిత్రమున అదే క్యాగ్నీని ప్రభుత్వపు నేరపరిశోధకునిగా చూపెను. తుపాకి అదే, చురుకుదనము అదే. పక్షము మాత్రము మారినది. 1938లో ‘ఏంజెల్స్ విత్ డర్టీ ఫేసెస్’ చిత్రము ఆ ప్రశ్ననే కథగా చేసెను. మరణశిక్ష పడిన ముఠామనిషిని వీధిబాలురు వీరునిగా కొలుచుచుందురు. వారు ఆ దారి పట్టకుండునట్లు పిరికివానివలె చావుమని చిన్ననాటి స్నేహితుడైన మతగురువు వేడును. అతడు కడపట ఏడ్చి ప్రాధేయపడును. అది నిజమైన భయమా, బాలుర కొరకు కట్టిన వేషమా అనునది చిత్రము తేల్చి చెప్పదు.

క్యాగ్నీ 1942 నాటి ‘యాంకీ డూడిల్ డాండీ’లో ఆడిపాడి ఉత్తమనటునిగా ఆస్కార్ పొందెను, 1986లో మరణించెను. ‘ది పబ్లిక్ ఎనిమీ’ని 1998లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చి భద్రపరచిరి. దీనిని ఒక్క నటుని విజయముగా చెప్పుట వాడుక. కాని క్యాగ్నీ దుష్టుని ఆకర్షణను ఏమాత్రమును దాచకుండ చూపగలిగినాడన్నచో, దాని మూల్యము చెల్లించువారిని చుట్టునున్న నటులు అంతే నిజముగా చూపుటచేతనే. మే క్లార్క్ దిగ్భ్రమ, వుడ్స్ మౌనము, కుక్ మ్రింగుకొన్న కోపము, పడక సర్దు తల్లి చేతులు లేనిచో టామ్ వట్టి వీరుడగును. దుష్టునకు అందమిచ్చుట కళకు దోషము కాదు. అతని వలన నష్టపోయినవారికి ముఖము లేకుండ చేయుటయే దోషము.