చేవెళ్ల దారిలో రెండు ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే దారిని మర్రిచెట్ల దారి అంటే అందరికీ తెలుస్తుంది. ఆ దారికి కాస్త ఎడంగా, శంకర్‌పల్లి మండలంలో ప్రొద్దుటూరు ఉంది. కడప జిల్లాలో బంగారు అంగళ్లకు పేరుపడ్డ ఊరు వేరు, ఇది వేరు. ఈ చుట్టుపక్కల పిల్ల ఎవరైనా ఇంటర్ దాటి పై చదువుకు పోవాలంటే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. నువ్వు ఇక్కడిదానివేనా? ఫీజు ఎవరు కడతారు?

రెండింటి చరిత్రా ఈ దారినే తాకుతూ పోయింది.

మొదటి ప్రశ్న నిజాం కాలం నాటిది. ముల్క్ అంటే దేశం, అక్కడివాడు ముల్కీ. రాజ్యంలో కొలువు కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ ఉండి ఉండాలని 1919 ఫర్మానా చెప్పింది. అది కొలువుల మాట. చదువుల మాట 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కాగితం మీదికెక్కింది. ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం తెలంగాణ కళాశాలల సీట్లు తెలంగాణ పిల్లలకే, లేదా మొత్తం రాష్ట్రంలోని సీట్లలో మూడోవంతు. వీటిలో ఏది తెలంగాణకు ఎక్కువ మేలైతే అది. తెలంగాణ తరఫున సంతకం చేసిన నలుగురిలో కొండా వెంకట రంగారెడ్డి ఒకరు. ఆయనది మొయినాబాద్ పక్కనున్న పెద్దమంగళారం. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

ఒప్పందం సరిగా అమలు కాలేదన్న కోపం 1969లో విద్యార్థులను వీధుల్లోకి తెచ్చింది. కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం తర్వాత, రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు కళాశాలల్లో 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. సీటు దొరికింది సరే, ఫీజు సంగతేంటి?

దానికి జవాబు రావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్లలోనే పాదయాత్ర మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఆయన ప్రభుత్వం 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. ఆదాయ పరిమితి లోపున్న బీసీ, ఈబీసీ కుటుంబాల పిల్లలకు కూడా ప్రైవేటు కళాశాల ఫీజును సర్కారే కట్టడం మొదలైంది. కూలి చేసుకునే ఇంట్లోనూ ఇంజనీరు పుట్టాడు. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

తెలంగాణ వచ్చాక ఆ రెండు ప్రశ్నలూ ముడిపడ్డాయి. 2014 జూలైలో ప్రకటించిన ‘ఫాస్ట్’ పథకం, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబరు 1కి ముందు నుంచీ ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే ఫీజు కడతామంది. ఆశయం అర్థమవుతుంది, ఎన్నో ఏళ్ల గాయం అది. కానీ తాత కాగితం చూపించమంటే, భూమి లేని ఇంట్లో ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది? పట్టా ఉన్నవాడికే రుజువు ఉంటుంది. వ్యాజ్యాలు హైకోర్టుకెక్కాయి. 2015 ఆరంభంలో ప్రభుత్వం ఆ నిబంధన వదిలి 371-డి దారికే తిరిగొచ్చింది.

అమెరికాలోనూ స్థానికత మెలిక ఉంది. 2014లో టెనెస్సీ రాష్ట్రం తన కమ్యూనిటీ కళాశాలల ట్యూషన్‌కు హామీ ఇచ్చింది, అదీ ఆ రాష్ట్రవాసులకే. అక్కడ కళాశాలలు ప్రభుత్వానివి. ఇక్కడ మాత్రం ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ట్యూషన్ ఫీజు తీసేసినా, ఆపై చదువుకు ఎక్కువమంది ప్రైవేటు గుమ్మమే తొక్కాలి. కాబట్టి ఖజానా నుంచి డబ్బు ఆలస్యమైతే ఆ బరువు విద్యార్థి మీదికే వచ్చి పడుతుంది. బకాయిలు రాలేదని కళాశాల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకపోతే, చదువు పూర్తయిన పిల్ల ఉద్యోగానికి పోలేక ఇంట్లో కూర్చుంటుంది. ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం మీసేవ ముందు నిలబడ్డప్పుడు ఆ ఇంటికి ఇచ్చిన మాట, ఫీజు నువ్వు కట్టక్కర్లేదనే.