ఆఖరి ఆటకు నిలవడ్డోడు

2016 ఆగస్టు. రియో ఒలింపిక్స్ నడుస్తున్నయి. అప్పటికి మన దేశానికి ఒక్క పతకం గుడ రాలే. టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌ల కంచు పతకం కోసం మన హైదరాబాద్ బిడ్డ సానియా మీర్జా, రోహన్ బోపన్న కోర్టుల దిగిండ్రు. అవతలి దిక్కు చెక్ దేశపోళ్లు, లూసీ హ్రడెకా, రాడెక్ స్టెపానెక్. ఆ చెక్ జోడీ 6–1, 7–5 తోని గెలిచింది. మన పతకం చేతిదాకా వచ్చి పోయింది.

నా పక్కన టీవీ చూస్తున్న పోరడు ఒక్కటే తిట్టుడు. "ఎవడన్నా ఈ ముసలోడు, మన పతకం గుంజుకపోయిండు" అన్నడు. నేను నోరు మూసుకున్న. ఎందుకంటే ఆ ముసలోని పేరు నాకు కొత్తది కాదు. నాలుగేండ్ల కిందట ఒక పొద్దుగాల హోటల్ల చాయ్ తాగుకుంట పేపర్ల చూసిన. లియాండర్ పేస్ ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిండని పెద్ద పెద్ద అక్షరాలు. కింద ఎక్కడనో చిన్నగ ఇంకో పేరు. డబుల్స్ అంటే ఇద్దరు ఆడే ఆట కదా. ఆ రెండో మనిషి ఈ స్టెపానెకే. మనోడు గెలిచిండని సంబురపడ్డ మనం, మనోని పక్కన నిలవడ్డోని పేరు సక్కగ సదువనన్న సదువలే. అండ్ల నేను గుడ ఉన్న.

ఆ బాకీ తీర్చుకుందామనే ఇయ్యాల ఆయన ముచ్చట రాస్తున్న. తమ్ముళ్లూ చెల్లెండ్లూ, జర ఓపికతోని సదువుండ్రి.

బొగ్గు ఊరి పిలగాడు

స్టెపానెక్ 1978 నవంబర్ 27 నాడు కర్వినాల పుట్టిండు. పోలండ్ సరిహద్దు పక్కన, బొగ్గు గనులున్న ఊరు అది. అప్పటికి ఆ దేశం పేరు చెకొస్లొవాకియా. 1993ల అది చెక్, స్లొవాకియా అని రెండు దేశాలయింది. ఈయన, నేను దాదాపు ఒక్క ఈడోళ్లం. నేను ఊర్ల చిర్రగోనె ఆడే కాలానికి ఆయన రాకెట్ పట్టిండు.

1996ల ప్రొఫెషనల్ అయిండు. ప్రొఫెషనల్ అనంగనే పైసలు కురిసినయి అనుకోకుండ్రి. ముందుగాల పేరొచ్చింది సింగిల్స్‌ల కాదు, డబుల్స్‌ల. 2002ల యిరీ నోవాక్‌తోని కలిసి యూఎస్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ దాకా పోయిండు. అక్కడ ఓడగొట్టింది ఎవరనుకున్నరు? మన మహేశ్ భూపతి, ఆయన జోడీ బెలారస్ ఆటగాడు మాక్స్ మిర్నీ. మూడు సెట్ల ఆట అది. మనోళ్లతోని ఆయనకు పెద్ద కోర్టు మీద పడ్డ ముడి గట్లుండె.

టెన్నిస్‌ల ఇరువై ఏండ్లకే చాంపియన్లు అయితరు. ఇరువై ఐదు దాటినంక పేరు రాకుంటే ఇగ రాదని లెక్కగడతరు. స్టెపానెక్ మొదటి సింగిల్స్ టైటిల్ గెలిచింది 2006ల, రోటర్‌డామ్‌ల. అప్పటికి ఆయనకు 27 ఏండ్లు. అదే ఏడు వింబుల్డన్‌ల క్వార్టర్ ఫైనల్ ఆడిండు. జూలైల ప్రపంచంల 8వ ర్యాంకుకు ఎక్కిండు. అంతకంటే పైకి ఎన్నడు పోలే. మొత్తం కెరీర్‌ల సింగిల్స్ టైటిళ్లు ఐదు, డబుల్స్ టైటిళ్లు 18. సింగిల్స్‌ల గ్రాండ్‌స్లామ్ ఒక్కటి గుడ లేదు. ఈ లెక్క చూసి "గింతేనా" అనేటోళ్లు ఉంటరు. ర్యాంకు పట్టికల కనవడని లెక్క ఒకటి ఉన్నది, అది ఇంకొంచెం ముంగటికి పోతే తెలుస్తది.

ఆయన ఆట తీరు గుడ పాతకాలంది. ఇప్పటోళ్లు ఎక్కువమంది ఎన్క గీత కాడ నిలవడి బలంగ బాదుతుంటరు. ఈయన సర్వీసు కొట్టుడు, నెట్ కాడికి ఉరుకుడు, బంతి నేల మీద పడకముందే గాలిలనే తిప్పికొట్టుడు. దాన్నే వాలీ అంటరు. గెలిచినంక కోర్టు మీద బోర్ల పండుకొని పురుగు పాకినట్టు పాకుడు ఆయన ఆటల ఒకటి. చూసి కొందరు నవ్విండ్రు, కొందరు గుర్రుమన్నరు. ఆయన మాత్రం మానలే.

ఐదో మ్యాచ్ అంటే ఏంది

ఇక్కడ డేవిస్ కప్ సంగతి జెప్పాలె. అది దేశాల మధ్యన జరిగే మగోళ్ల పోటీ. ఆ రోజులల్ల ఒక్కో పోరు మూడు దినాలు నడిచేది. మొదటి దినం రెండు సింగిల్స్, రెండో దినం డబుల్స్, మూడో దినం మళ్ల రెండు సింగిల్స్. మొత్తం ఐదు మ్యాచులు. మూడు గెలిచిన దేశం గెలిచినట్టు. రెండు రెండు సమానమైతే అంత భారం ఐదో మ్యాచ్ మీదనే పడతది. ఆ మ్యాచ్ ఆడేటోని ఎన్క దేశం మొత్తం ఊపిరి బిగవట్టుకొని కూసుంటది.

2009 సెమీఫైనల్‌ల క్రొయేషియా మీద స్టెపానెక్‌కు ఇవో కార్లోవిచ్ ఎదురొచ్చిండు. కార్లోవిచ్ తాటిచెట్టంత మనిషి, సర్వీసు పిడుగు లెక్క. ఆ ఒక్క మ్యాచ్‌ల 78 ఏస్‌లు కొట్టిండు. ఏస్ అంటే అవతలోడు ముట్టుకోలేని సర్వీసు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. 78 సార్లు బంతి పక్కపొంటి దూసుకపోతుంటే చూసుకుంట నిలవడ్డ స్టెపానెక్, ఆఖరికి ఐదో సెట్ 16–14 తోని గెలిచిండు. ఆట 5 గంటల 59 నిమిషాలు నడిచింది.

గాని ఆ ఏడు ఫైనల్ల ఎదురుదెబ్బ తగిలింది. బార్సిలోనాల స్పెయిన్ డేవిడ్ ఫెరర్ మీద మొదటి రెండు సెట్లు గెలిచి గుడ, ఐదో సెట్ 8–6 తోని పోగొట్టుకున్నడు. చెక్ జట్టు 5–0 తోని ఓడింది. గెలిచే ఆట చేజారుడు ఎంత మంటనో ఊర్ల కబడ్డీ ఆడినోళ్లను అడుగుండ్రి.

మూడేండ్లకు మళ్ల అదే స్పెయిన్. 2012 నవంబర్, ప్రాగ్ నగరం, డేవిస్ కప్ వందో ఫైనల్. మొదటి దినం స్టెపానెక్ మళ్ల ఫెరర్ చేతిల ఓడిండు. థామస్ బెర్డిచ్ ఇంకో మ్యాచ్ గెలిచిండు. రెండో దినం బెర్డిచ్, స్టెపానెక్ కలిసి డబుల్స్ గెలిచిండ్రు. మూడో దినం ఫెరర్ బెర్డిచ్‌ను ఓడగొట్టిండు. రెండు రెండు.

ఇగ ఐదో మ్యాచ్. మూడు దినాల సంది కోర్టు మీదనే ఉన్న స్టెపానెక్‌కు ఇంకో తొమ్మిది రోజులల్ల 34 ఏండ్లు నిండుతయి. ఎదురుంగ నికోలస్ అల్మాగ్రో, వయసుల చిన్నోడు, ర్యాంకుల పెద్దోడు. స్టెపానెక్ నెట్ కాడికి ఉరుకుడు ఆపలే. 6–4, 7–6, 3–6, 6–3. చెకొస్లొవాకియా 1980ల ఇవాన్ లెండిల్ ఉన్నప్పుడు ఆ కప్పు గెలిచింది. చెక్ దేశం సొంత పేరు మీద గెలిచింది ఇదే మొదటిసారి. 1980 నాటికి స్టెపానెక్ రెండేండ్ల పిలగాడు.

తెల్లారి 2013 ఫైనల్, బెల్‌గ్రేడ్‌ల సెర్బియా ఇంట్లనే. నొవాక్ జొకోవిచ్ తన రెండు మ్యాచులు గెలిచిండు. మళ్ల రెండు రెండు, మళ్ల ఐదో మ్యాచ్, మళ్ల స్టెపానెక్. దుసాన్ లాయోవిచ్ మీద 6–3, 6–1, 6–1 తోని గెలిచిండు. నిజం మాట్లాడుకోవాలె, లాయోవిచ్ అప్పటికి కొత్తోడు, సెర్బియా ఆటగాళ్లు ఇద్దరు జట్టుల లేకుండె. అయినా చుట్టు వేలమంది అవతలోని దిక్కు మొత్తుకుంటుంటే చేతులు వణకకుండ ఆడుడు చిన్న పని కాదు.

మనోని పక్కన నిలవడ్డోడు

ఇగ పేస్ ముచ్చట. 2012 జనవరిల ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ల ఈ కొత్త జోడీ ఎదురుంగ అమెరికా బ్రయాన్ అన్నదమ్ములు. కవలలు, ఆ కాలంల డబుల్స్‌కు రాజులు. పేస్‌కు 38, స్టెపానెక్‌కు 33. స్కోరు 7–6, 6–2, గెలుపు మనోళ్లది. పేస్‌కు నాలుగు గ్రాండ్‌స్లాములల్ల దొరకకుండ ఉన్నది అదొక్కటే, ఆ దినం అది గుడ దొరికింది.

అదే ఏడు మన దేశంల ఏం జరిగిందో యాది తెచ్చుకోండ్రి. లండన్ ఒలింపిక్స్‌కు పేస్‌తోని కలిసి ఆడమని భూపతి, బోపన్న మొండికేసిండ్రు. ఆఖరికి వాళ్లిద్దరు ఒక జోడీ అయిండ్రు, పేస్‌కు జోడీగ మన హైదరాబాద్ పిలగాడు విష్ణువర్ధన్ పోయిండు. ఆ లొల్లిల తనను ఎర లెక్క వాడుకున్నరని సానియా బాజాప్త ప్రకటన ఇచ్చింది. తప్పెవరిదని నేను తీర్పు జెప్ప. గాని ఒక్క జెండా కింద ఉన్నోళ్లు పక్కపక్కన నిలవడలేని ఏడు, వేరే జెండా మనిషి పేస్ పక్కన నిలవడ్డడు. ఆ అక్టోబర్‌ల షాంఘైల ఈ జోడీ ఫైనల్ గెలిచింది ఎవరి మీదనో తెలుసా? భూపతి, బోపన్న మీదనే.

2012 యూఎస్ ఓపెన్ ఫైనల్ల బ్రయాన్ అన్నదమ్ములు పగ తీర్చుకున్నరు. 2013ల మళ్ల అదే ఫైనల్‌కు పోయి, అలెగ్జాండర్ పేయా, బ్రూనో సోరెస్ మీద 6–1, 6–3 తోని పేస్, స్టెపానెక్ గెలిచిండ్రు. పేస్‌కు అప్పటికి 40 ఏండ్లు.

ఇంకో లెక్క జెప్త. పేస్ మగోళ్ల డబుల్స్‌ల గెలిచిన గ్రాండ్‌స్లాములు ఎనిమిది. మూడు భూపతితోని. మిగిలిన ఐదు చెక్ ఆటగాళ్లతోనే. 2006ల మార్టిన్ డామ్‌తోని ఒకటి, 2009ల లూకాస్ డ్లోహితోని రెండు, స్టెపానెక్‌తోని రెండు. మనం "మన గెలుపు" అని చెప్పుకునేదాంట్ల సగం కంటే ఎక్కువ వేరే దేశపోళ్ల చెమట గుడ ఉన్నది.

ఆఖరి ఏండ్లు

2016ల స్టెపానెక్‌కు 37 ఏండ్లు. ర్యాంకు వంద కిందికి జారింది. ఫ్రెంచ్ ఓపెన్‌ల నేరుగ చోటు దొరకలే. సిగ్గుపడలే. కొత్త పోరగాళ్లతోని కలిసి క్వాలిఫయింగ్ మూడు రౌండ్లు ఆడి లోపలికొచ్చిండు. మొదటి రౌండ్లనే ప్రపంచ రెండో ర్యాంకు ఆండీ ముర్రే ఎదురొచ్చిండు. మొదటి రెండు సెట్లు స్టెపానెక్‌వే. ముర్రే తేరుకొని ఐదో సెట్ 7–5 తోని గట్టెక్కిండు. ఆ ఎండాకాలం ఓడిన మనిషే, ఆగస్టుల రియోల మెడల కంచు పతకం ఏసుకున్నడు.

2017 నవంబర్‌ల ఆట బంద్ చేసిండు. ఎంబడే జొకోవిచ్ కోచింగ్ బృందంల చేరిండు. తర్వాత గ్రిగోర్ దిమిత్రోవ్‌కు నేర్పిండు. ఒకప్పుడు తనకు నేర్పిన పీటర్ కోర్డా కొడుకు సెబాస్టియన్ కోర్డాకు గుడ కోచ్ అయిండు. తండ్రి కాడ నేర్చింది కొడుకు చేతుల పెట్టిండు.

ఇదంత ఎందుకు జెప్పిన్నంటే, మన ఊర్లల్ల ఇరువై ఐదు దాటంగనే "ఇగ నీతోని ఏమైతది" అనేటోళ్లు మస్తుమంది. మొదటోడు కానోణ్ని లెక్కలనుంచే తీసేస్తరు. స్టెపానెక్ మొదటోడు కాలే. ఇరువై ఏడుకు మొదటి టైటిల్, ముప్పై మూడు దాటినంక దేశానికి కప్పు. పని మీద పట్టు, పక్కోని మీద నమ్మకం, ఓడినంక మళ్ల తెల్లారి కోర్టుకు పోవుడు. ఆయన కాడ ఉన్నయి గవే.

ఆ దినం తిట్టిన పోరనికి ఈ ముచ్చటంత జెప్పిన. కొద్దిసేపు ఏమనలే. తర్వాత "గట్లయితే సానియా ఓడింది మనకు తెలిసిన మనిషి చేతిలనే అన్నట్టు" అన్నడు. అవును తమ్మీ, గట్లనే.