జీడిపప్పు గిన్నె ఎత్తేసిన ప్రొఫెసరు

ఎకనామిక్సు పుస్తకాల్లో ఒక మనిషి ఉంటాడు. ఆకలి ఎంతో అంతే తింటాడు. మొదటి జీతం అందిననాడే ముసలితనం దాకా లెక్క వేసుకుని, దాచవలసింది దాచేస్తాడు. నెల జీతం, పండగ బోనసు, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద చేతిలో పెట్టిన నోటు - అతనికి అన్నీ ఒకటే, రూపాయంటే రూపాయే. ఇటువంటి మహానుభావుడు మీకెక్కడైనా తారసపడ్డాడా? మన ఇళ్ళల్లో అయితే లేడు. అయినా పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఆయన్నే నమ్ముకుని సిద్ధాంతాలు కట్టారు.

"అలాంటి మనిషి లేడయ్యా" అని చెప్పడానికే నలభై ఏళ్ళ ఉద్యోగ జీవితం ఖర్చుపెట్టి, 2017లో ఎకనామిక్సులో నోబెల్ బహుమతి అందుకున్నవాడు రిచర్డ్ థేలర్.

1945లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టాడు. తండ్రి ఇన్సూరెన్సు కంపెనీలో ఆయుర్దాయాల లెక్కలు కట్టే ఉద్యోగి. కొడుక్కీ ఇంచుమించు అటువంటి విషయమే దొరికింది. రోచెస్టర్ యూనివర్సిటీలో అతని థీసిస్, ఒక ప్రాణం నిలబెట్టడానికి ఎంత విలువ కట్టవచ్చు అన్నదాని మీద. ప్రమాదం ఉన్న ఉద్యోగాలకి జీతం ఎంత ఎక్కువ ఇస్తున్నారో చూసి లెక్క తేల్చాలి. అంతవరకూ బాగానే ఉంది. కాని కుర్రాడు ఊరుకోక, మనుషుల్నే అడిగి చూశాడు. "మీకు వెయ్యింట ఒక పాలు చావు ప్రమాదం ఉంది, దాన్ని తప్పించుకోవడానికి ఎంత ఇస్తారు?" అంటే, రెండు వేల డాలర్లకి మించి ఇవ్వమన్నారు. "పోనీ, అంతే ప్రమాదాన్ని కొత్తగా నెత్తిన వేసుకోవడానికి ఎంత పుచ్చుకుంటారు?" అంటే, అయిదు లక్షల డాలర్లకి తగ్గమన్నారు! పుస్తకం ప్రకారం ఈ రెండు జవాబులకీ అంత తేడా ఉండకూడదు. గురువుగారు మాత్రం ఈ ప్రశ్నలు కట్టిపెట్టి థీసిస్ సంగతి చూసుకోమన్నారు. 1974లో డాక్టరేటు వచ్చింది గాని, ఆ తేడా అతని బుర్రలోంచి పోలేదు.

తన గదిలో నల్లబల్ల మీద ఒక జాబితా మొదలుపెట్టాడు. పుస్తకాల్లోని మనిషి చెయ్యని పనులు, చుట్టూ ఉన్నవాళ్ళు చేస్తున్న పనులు. ఒకనాడు స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. వంట అయ్యేలోగా కాలక్షేపానికి గిన్నెడు జీడిపప్పు పెట్టాడు. అయిదు నిమిషాల్లో సగం ఖాళీ. ఇలాగైతే భోజనాలు చేసినట్టే అని, గిన్నె ఎత్తుకెళ్ళి వంటింట్లో దాచేశాడు. తిరిగొచ్చేసరికి అందరూ థాంక్స్ చెప్పారు. వచ్చినవాళ్ళూ ఎకనామిక్సు వాళ్ళే. తినాలో మానాలో తేల్చుకునే స్వేచ్ఛ పోతే మనం సంతోషించడమేమిటి అని చర్చ మొదలైంది.

వాళ్ళ డిపార్టుమెంటు పెద్ద ఒకాయన, ఎప్పుడో పది డాలర్లకి కొన్న వైను సీసా వంద డాలర్లు పలుకుతున్నా అమ్మడు. అటువంటిదే మరొకటి వంద పెట్టి కొననూ కొనడు. మన పట్టుచీరల సంగతి వేరే చెప్పాలా? వెనకటి ధరకి కొన్న కంచిపట్టు ఈనాటి ధరకి అమ్మమంటే అమ్మం, కొనమంటే కొనం. తరవాత కార్నెల్ యూనివర్సిటీలో కానెమన్, నెట్ష్ అనే ఇద్దరితో కలిసి దీన్ని పరీక్ష పెట్టి చూశాడు. క్లాసులో సగం మందికి ఆరు డాలర్ల కాఫీ కప్పులు పంచి, అమ్ముకోండన్నారు. కప్పు చేతిలో ఉన్నవాళ్ళు అయిదుంపావు డాలర్లు అడిగారు, లేనివాళ్ళు మూడు కూడా పెట్టమన్నారు. చేతిలోకి వచ్చి అయిదు నిమిషాలైనా కాలేదు, అప్పుడే అది "నాది" అయిపోయింది.

ఇదంతా చదవడానికి సరదాగా ఉంది గాని, అప్పట్లో ఉద్యోగం ఇంకా ఖాయం కాని మనిషికి ఇది ప్రమాదమైన సరదా. లెక్కలూ సమీకరణాలూ రాసినవాడికి గౌరవం. వైను సీసాలూ జీడిపప్పూ అని రాస్తే ఎవరు మెచ్చుతారు? ఆయన మొదటి ముఖ్యమైన వ్యాసాన్ని పేరున్న పత్రికలు తిప్పిపంపాయి. ఆఖరికి 1980లో, అప్పుడే పుట్టిన ఒక కొత్త పత్రిక వేసుకుంది. 1987 నుంచి మరో పత్రికలో ఈ వింతల మీద ఒక శీర్షిక నడిపాడు. ఎకనామిక్సు వాళ్ళందరికీ ఆయన పేరు తెలిసింది దానివల్లే. శీర్షికలంటే చిన్నచూపు చూసేవాళ్ళు గమనించాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది డబ్బాల సంగతి. సినిమా నటుడు డస్టిన్ హాఫ్‌మన్ కష్టదశలో ఉన్న రోజుల్లో, తోటి నటుడు జీన్ హాక్‌మన్‌ని అప్పడిగాడుట. వంటింట్లో చూస్తే సీసాల నిండా డబ్బు! ఒకదాని మీద అద్దె అనీ, ఒకదాని మీద పుస్తకాలనీ రాసి ఉంది. ఇంత ఉంచుకుని అప్పెందుకయ్యా అంటే, తిండి సీసా ఖాళీగా ఉందన్నాడు. పాలవాడి డబ్బు, స్కూలు ఫీజు, శ్రావణ మంగళవారాల ఖర్చు విడివిడిగా దాచుకునే ఇల్లాలికి ఇందులో నవ్వవలసిందేమీ కనిపించదు. ఈ 'మెంటల్ అకౌంటింగ్' మీద థేలర్ 1985లో పెద్ద వ్యాసం రాశాడు.

1995లో చికాగో యూనివర్సిటీ పిలిచింది. పుస్తకాల మనిషికి అదే పుట్టిల్లు. అక్కడి నోబెల్ గ్రహీత మెర్టన్ మిల్లర్‌ని, ఈయన్ని రానిచ్చారేమని అడిగితే, ప్రతి తరమూ తన తప్పులు తాను చేసుకోవాలి గదా అన్నాడుట!

ఆ తప్పు వల్ల ఒక మేలు జరిగింది. అమెరికాలో ఉద్యోగస్తులు ముసలితనానికి చాలినంత దాచడం లేదు. ఇప్పుడు జీతంలోంచి కొయ్యమంటే ప్రాణం పోయినట్టుంటుంది. శ్లోమో బెనార్ట్జీతో కలిసి ఈయన వేసిన ఉపాయం చిన్నది: ఈనాటి జీతం ముట్టుకోవద్దు, ముందు ముందు జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత దాస్తామని ఇప్పుడే సంతకం పెట్టండి. 1998లో ఒక కంపెనీలో ఇది మొదలైంది. చేరినవాళ్ళు జీతంలో నూటికి మూడున్నర దాచేవాళ్ళు. 40 నెలల్లో అది పదమూడున్నర దాటింది. జీతమే పెరగనివాళ్ళకి మాత్రం ఈ ఉపాయం ఎందుకూ పనికిరాదు. 2008లో కాస్ సన్‌స్టీన్‌తో కలిసి 'నడ్జ్' పుస్తకం రాశాక, ప్రభుత్వాలు కూడా ఆయన మాట వినసాగాయి.

2016 నవంబరు 8న మన ప్రభుత్వం 500, 1000 నోట్లు రద్దు చేస్తే, ఇది నేనెప్పటినుంచో బలపరుస్తున్నదే అని ఆయన ట్విట్టర్లో రాశాడు. 2000 నోటు వస్తోందని తెలిసి నాలుక కరుచుకున్నాడు. తరవాత, ఆలోచన మంచిదే గాని అమలు చాలా లోపాలతో జరిగిందని అన్నాడు. బియ్యం డబ్బాల్లో, చీర మడతల్లో, ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆడవాళ్ళు చేర్చుకున్న నోట్లు ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లో బయటపడ్డాయో మనకి తెలుసు. సీసాల్లో డబ్బు దాచేవాళ్ళ మనసు అంతగా చదివినవాడికి, నోట్ల రద్దు అనగానే ఆ డబ్బాలు తట్టకపోవడం నాకు కష్టంగానే అనిపించింది.

మరుసటి ఏడు నోబెల్ వచ్చింది. ఆ డబ్బేం చేస్తారని విలేకరులు అడిగితే, వీలైనంత తెలివితక్కువగా ఖర్చు పెట్టడానికి ప్రయత్నిస్తానన్నాడు. అక్షరాలా తొంభై లక్షల స్వీడిష్ క్రోనర్లు!